పిల్లి బొచ్చు, గేమింగ్ పీసీ, ఒకటే గది: 88 డిగ్రీలకు చేరుతున్న సీపీయూ

నాగావళి_గట్టు · శ్రీకాకుళం

అందరికీ నమస్కారం. మళ్లీ అడగక్కర్లేకుండా వివరాలన్నీ ముందే రాస్తున్నాను. ప్రాసెసరు రైజెన్ 5 5600, పెట్టెలో వచ్చిన కూలరే. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060. క్యాబినెట్ ముందున్న ఒక ఫ్యాను గాలి లోపలికి లాగుతుంది. వెనక ఒకటి, పైన రెండు బయటికి తోస్తాయి. క్యాబినెట్ టేబుల్ కింద నేల మీద ఉంది. ఇంట్లో రెండు పిల్లులు, ఒకటి నాటుది, ఒకటి పర్షియన్. గదిలో 34 డిగ్రీలున్నప్పుడు ఆట మొదలెట్టిన ఇరవై నిమిషాలకి సీపీయూ (ప్రాసెసరు) 88, జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) 82. అక్కణ్ణుంచి సెకనుకి వచ్చే ఫ్రేములు 90 నుంచి 60కి పడిపోతున్నాయి. ముందు జాలీ మీద బొచ్చు గుడ్డలాగ పేరుకుంది.

విప్పి శుభ్రం చెయ్యడం ఎలాగ? మళ్లీ పేరుకోకుండా ఏం చెయ్యాలి? పర్షియన్‌ది రోజూ క్యాబినెట్ మీదే పడుకుంటాది, దాన్ని మాన్పించే దారి ఏదైనా ఉందా?

కోట_జంక్షన్ · విజయనగరం

విప్పే ముందు ఒక పరీక్ష చెయ్యండి. వేడి అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాము తెరిచి పెట్టి, అదే ఆట, అదే మ్యాపు పదిహేను నిమిషాలు ఆడి అంకెలు రాసుకోండి. తర్వాత ముందు ప్యానెల్ ఊడదీసి మళ్లీ పదిహేను నిమిషాలు. ఆరేడు డిగ్రీలు, అంతకు మించి తగ్గితే అడ్డం పడుతున్నది జాలీ. రెండు మూడే తగ్గితే బొచ్చు కూలర్ రేకుల మధ్యకి చేరిపోయింది, లేదంటే ప్రాసెసరుకీ కూలర్‌కీ మధ్య రాసే థర్మల్ పేస్ట్ ఎండిపోయింది. గది వేడి కూడా పక్కనే రాయాలి. 34 ఉన్న రోజు 88కీ, 28 ఉన్న రోజు 82కీ తేడా లేనట్టే.

5600కి గరిష్ఠ పరిమితి 90 డిగ్రీలు. అక్కడికి చేరితే ప్రాసెసరు తన వేగం తనే తగ్గించుకుంటుంది. 3060 లాంటి కార్డులు చాలావాటికి 83 దగ్గర గీత పెట్టి ఉంటుంది. మీవి రెండూ గీత అంచునే ఉన్నాయి, ఫ్రేములు పడేది అందుకే. విండోస్ మళ్లీ ఎక్కించే పని పెట్టుకోకండి.

నాగావళి_గట్టు

చూశాను. ప్యానెల్ తీస్తే సీపీయూ 81, జీపీయూ 74. గది అదే 34.

కోట_జంక్షన్

అయితే ముఖ్యమైన తప్పు జాలీదే. కానీ గాలికి అడ్డం లేకుండా కూడా సీపీయూ 81 అంటే కూలర్‌లోనూ ఎంతోకొంత ఉంది. రెండూ చెయ్యాలి. విప్పే పద్ధతి స్క్రూడ్రైవర్ అన్నయ్య చెప్తే బాగుంటుంది.

బొబ్బిలి_స్క్రూడ్రైవర్ · బొబ్బిలి

చెప్తాను తమ్ముడూ, కొంచెం పొడుగ్గానే ఉంటాది.

పీసీ షట్‌డౌన్ చేసి, ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) వెనకున్న స్విచ్చి సున్నా వైపు నొక్కి, ప్లగ్గు పీకెయ్యండి. తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే మదర్‌బోర్డులో మిగిలిన కరెంటు పోద్ది. పెరట్లోకో డాబా మీదకో తీసుకెళ్లండి గాని పిల్లులు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. లేచిన దుమ్ము వాటి కళ్లలో పడతాది, విప్పిన స్క్రూలు కాలితో కొట్టి ఎక్కడికో పంపిస్తాయి. స్క్రూలు మూత ఉన్న డబ్బాలో వేసుకోండి.

పెద్ద బొచ్చు చేత్తోనే లాగెయ్యండి. తడిలేని ఒక అంగుళం పెయింటు బ్రష్షు, మెత్తనిది, కొత్తది తీసుకుని ఫ్యాను రెక్కలు, రేకులు, ర్యామ్ చుట్టూ దులపండి. తర్వాత హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ఎలక్ట్రిక్ బ్లోయర్‌తో అడుగు దూరం నుంచి ఊదండి. ఊదేటప్పుడు ప్రతి ఫ్యానునీ వేలితో ఆపి పట్టుకోవాలి. వదిలేస్తే అది ఉండాల్సిన వేగం కంటే చాలా ఎక్కువ తిరిగి బేరింగు పాడవుద్ది, పైగా తిరిగే ఫ్యాను చిన్న జనరేటరులాగ పనిచేసి బోర్డులోకి కరెంటు వెనక్కి పంపుద్ది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. మీది ఏఎం4 సాకెట్టు (బోర్డు మీద ప్రాసెసరు కూర్చునే గూడు), పిన్నులు ప్రాసెసరుకే ఉంటాయి. పాత పేస్ట్ ఎండి బంకలాగ పట్టేసి ఉంటే, కూలర్ పైకి లాగినప్పుడు సాకెట్టు లివరు దించి ఉన్నా ప్రాసెసరు దానితో పాటే ఊడొచ్చేస్తాది. పిన్నులు వంగేది అలాగే. కాబట్టి విప్పే ముందు పది నిమిషాలు ఏదైనా ఆట నడిపి పేస్ట్ వేడెక్కనివ్వండి. తర్వాత ఆపి, పైన చెప్పినట్టు ప్లగ్గు పీకి, పేస్ట్ చల్లారకముందే నాలుగు స్క్రూలూ ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేసి, కూలర్ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ పైకి తియ్యండి. నిలువుగా ఒక్క లాగు లాగొద్దు. ఏఎం5, ఇంటెల్ ఎల్‌జీఏ సాకెట్లలో పిన్నులు బోర్డు వైపే ఉంటాయి గనక వాటికి ఈ భయం లేదు.

బొచ్చు దట్టంగా ఉండేది ఫ్యానుకీ రేకులకీ మధ్య. పై నుంచి చూస్తే కనబడదు. కూలర్ చేతిలోకి వచ్చాక వెలుతురుకి ఎత్తి పట్టుకుని రేకుల సందుల్లోంచి చూడండి. అవతలి వెలుతురు కనబడని చోట బొచ్చు ఉంది. టూత్‌పిక్‌తో లాగండి, సూదులు వద్దు.

పాత పేస్ట్ తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు పోగులు రాలని గుడ్డ. చేతికి రాసుకునే శానిటైజరు వాడొద్దు, అందులో గ్లిజరిన్ ఉంటాది, అది మిగిలిపోతుంది. కొత్త పేస్ట్ మధ్యలో బఠాణీ గింజంత, అంతే. తుడిచిన గుడ్డ, పేస్ట్ అంటిన టిష్యూ మూత ఉన్న చెత్తబుట్టలో వెయ్యండి, పిల్లి నాకకూడదు.

ఎచ్చెర్ల_హాస్టల్ · ఎచ్చెర్ల

బ్లోయర్ కొనే బదులు పంక్చరు షాపులో గాలి కొట్టిస్తే సరిపోదా అన్నా? చాలామంది అలాగే చేస్తారు.

బొబ్బిలి_స్క్రూడ్రైవర్

వద్దు తమ్ముడూ. కంప్రెసర్ గాలిని నొక్కినప్పుడు అందులోని తేమ ట్యాంకులో నీరుగా దిగుద్ది. అడుగున వాల్వు తెరిచి రోజూ వదిలే షాపులు తక్కువ. ఆ నీరు, కంప్రెసర్ నూనె తుంపర్లు రెండూ గాలితో పాటు నీ మదర్‌బోర్డు మీద పడతాయి. టైరుకి అది ఫరవాలేదు. ఆ ఒత్తిడికి ఫ్యాను రెక్క విరిగే అవకాశం కూడా ఉంది. చేతిలో ఏమీ లేకపోతే బ్రష్షు ఒక్కటే చాలు, టైము ఎక్కువ పడతాది అంతే.

ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనరు మూతి బోర్డుకి ఆనించడం కూడా వద్దు. ప్లాస్టిక్ మూతి రాపిడికి స్టాటిక్ పుడుతుంది. జాలీ విడిగా తీసి దాని మీద అయితే నిక్షేపంగా వాడుకోవచ్చు.

సోంపేట_తీరం · సోంపేట

దుమ్ము గురించి అన్నయ్య చెప్పింది సరే. సముద్రానికి దగ్గరున్నవాళ్లు ఇంకొకటి పట్టించుకోవాలి. కళింగపట్నం, భావనపాడు, సోంపేట, ఇచ్ఛాపురం వైపు గాలిలో ఉప్పు ఉంటుంది. తేమ 75 శాతం దాటితే ఉప్పు గాలిలోంచి నీరు పీల్చుకుని తానే కరిగిపోతుంది. మన దగ్గర వర్షాకాలమంతా 75 పైనే. బొచ్చు ఒక్కటే పొడిగా ఉంటే గాలికి అడ్డం మాత్రమే. ఉప్పు పట్టిన బొచ్చు బోర్డు మీద పడి ఉంటే తడి ఒత్తులాగ అక్కడే ఉండి రాగిని తినేస్తుంది. పచ్చటి పొడి కనబడేది అందుకే. ముందు దెబ్బతినేవి గ్రాఫిక్స్ కార్డు స్లాటు, ర్యామ్ కాళ్లు. బీప్ కొట్టి బొమ్మ రాకపోతే ర్యామ్ తీసి, ఆ బంగారు రంగు కాళ్లని ఐసోప్రొపైల్‌తో తుడిచి పెట్టి చూడండి. రబ్బరుతో గట్టిగా రుద్దకండి, పైపూత చాలా పల్చన.

నెలల తరబడి ఆపి ఉంచిన పీసీ కంటే రోజూ గంటైనా నడిచేదే ఈ తీరంలో ఎక్కువకాలం ఉంటుంది. లోపలి వేడికి తేమ నిలవదు.

మూడులాంతర్లు · విజయనగరం

పీసీలో బొద్దింకలు చేరకుండా క్యాబినెట్ అడుగున రెండు కలరా ఉండలు వేస్తే మంచిదని విన్నాను. తేమకి కూడా పనికొస్తాయా?

గరివిడి_మియావ్ · గరివిడి

దయచేసి వెయ్యకండి. కలరా ఉండల్లోని నాఫ్తలీన్ పిల్లికి విషం. మింగినా, నాకినా, ఆ వాసన పట్టిన కాళ్లు నాక్కున్నా ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. క్యాబినెట్‌లో వేస్తే ఫ్యాను ఆ ఆవిరిని గదంతా తోస్తుంది, అదే గాలి ముందు పిల్లి పడుకుంటుంది. తేమకి సిలికా జెల్ సంచులు పెట్టండి. కర్పూరం కూడా వద్దు.

పిల్లి ఉన్న ఇంట్లో ఈ మాట చాలా గట్టిగా గుర్తుపెట్టుకోవాలి: మనిషి, కుక్క తట్టుకునేవి చాలా వాటిని పిల్లి కాలేయం విడగొట్టి బయటికి పంపలేదు. ఫినాల్ జాతి రసాయనాలకి ఇది మరీ ఎక్కువ. అందుకే నల్ల ఫినాయిల్‌తో తుడిచిన నేల మీద నడిచి, తర్వాత పాదాలు నాక్కునే పిల్లికి ప్రమాదం. బొద్దింకలకి గీసే చాక్‌పీసులో పైరిథ్రాయిడ్ మందు ఉంటుంది. కుక్కల పేలకి చల్లే పర్మెత్రిన్ మందూ ఆ జాతిదే. పిల్లికి పడితే వణుకు, ఫిట్స్. బొద్దింకలకి జెల్ మందు వాడితే ఆవగింజంత చుక్కలు అలమారు వెనక, పిల్లి మూతి దూరని సందులో పెట్టండి. క్యాబినెట్‌లో వెనక వాడని స్లాట్లకి రేకులు బిగిస్తే బొద్దింకా రాదు, బల్లీ రాదు.

నాగావళి_గట్టు

మేడం, చాలా థాంక్స్. క్యాబినెట్ మీద పడుకోవడం సంగతి?

గరివిడి_మియావ్

అది మొండితనం కాదండీ, దాని ఒంటికి ఆ వేడి కావాలి. పిల్లి తన ఒంటి వేడి నిలుపుకోవడానికి శ్రమపడక్కర్లేని ఉష్ణోగ్రత సుమారు 30 నుంచి 38 డిగ్రీలు. మనకి ఉక్కపోసేది దానికి హాయి. పీసీలోంచి బయటికొచ్చే గాలి ఇంచుమించు అంతే వెచ్చగా ఉంటుంది. అరిచి దింపితే మీరు లేనప్పుడు ఎక్కుతుంది. దానికి ఇంకో మంచి చోటు ఇవ్వడమే దారి.

టేబుల్ కంటే కనీసం ఒక అడుగు ఎత్తులో, గోడకి బిగించిన చెక్క మీద 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు అట్టపెట్టె పెట్టండి. లోపల పాత చీర బొంత. ఇప్పటికే అది పడుకున్న గుడ్డ ఏదైనా ఉతక్కుండా అందులో వెయ్యండి, వాసన తనదే గనక త్వరగా ఒప్పుకుంటుంది. గదిలో ఆ చోటు నుంచి తలుపూ మీరూ రెండూ కనబడాలి. పిల్లి ఎత్తు కోరుకునేది చూడ్డానికే. అదే సమయంలో క్యాబినెట్ పైన సన్‌ప్యాక్ షీటుని (గట్టి ప్లాస్టిక్ అట్ట) ఏటవాలుగా, ఇంటి కప్పులాగ నిలబెట్టండి. పక్కలకి నాలుగేసి అంగుళాలు ఖాళీ ఉంటే గాలి ఆగదు, పిల్లికి మాత్రం పడుకునే సమతలం ఉండదు. రెండూ ఒకే రోజు చెయ్యాలి. ఒకటి మూసేసి ఇంకొకటి చూపించకపోతే టేబుల్ మీదున్న మోనిటరు వెనక్కి చేరుతుంది.

ఇంకొకటి. బొచ్చు పుట్టే చోటే తగ్గించండి. పర్షియన్‌ని రోజూ అయిదు నిమిషాలు దువ్వాలి, ముందు వెడల్పు పళ్ల దువ్వెన, తర్వాత పేల దువ్వెన. చంకల కింద, తొడల వెనక చిక్కులు ఎక్కువ. చిక్కుముడిని కత్తెరతో కొయ్యకండి, అక్కడి చర్మం పల్చగా పైకి లేచి ఉంటుంది, తెగుతుంది. నాటుదానికి వారానికి రెండుసార్లు చాలు. తిండిలో మాంసకృత్తులు తక్కువైతే బొచ్చు ఎక్కువ రాలుతుంది. అన్నం, పాలు, ఎండుచేప ముక్క మీద బతికే పిల్లులకి అదే సమస్య. ఎండుచేపలో ఉప్పు కూడా చాలా ఎక్కువ.

కోట_జంక్షన్

ఇప్పుడు ఫ్యాన్ల అమరిక. లోపలికి ఒకటి, బయటికి మూడు. బయటికి పోయే గాలి ఎక్కువ కాబట్టి లోటు గాలి ప్రతి సందులోంచీ లోపలికి వస్తుంది: వెనక స్లాట్లు, పక్క ప్యానెల్ అంచులు, యూఎస్‌బీ రంధ్రాలు. అక్కడ జాలీ లేదు. తిప్పి అమర్చాలి. పైనున్న రెండూ తీసి ముందుకి తెచ్చి, ముందు మూడు, వెనక ఒకటి చెయ్యండి. పైభాగం అట్టతోనో అక్రిలిక్‌తోనో మూసెయ్యండి. అప్పుడు లోపల గాలి ఎక్కువై సందుల్లోంచి బయటికే పోతుంది, బొచ్చు జాలీ దగ్గరే ఆగిపోతుంది.

ఆమదాలవలస_ఫ్రేమ్స్ · ఆమదాలవలస

ఇక్కడ ఒప్పుకోను. 3060 ఒక్కటే 170 వాట్లు తాగుతాది. ఆ వేడి పైకే పోతాది గదా, పైన మూసేస్తే ఎటు పోవాలి? మన ఎండల్లో పైభాగం మూయమని ఎవరికీ చెప్పకూడదు.

కోట_జంక్షన్

వేడి గాలి తనంతట తాను పైకి లేచే బలం చాలా తక్కువండీ. 120 ఎంఎం ఫ్యాను ఒకటి 1000 ఆర్‌పీఎమ్ తిరిగితే ఆ బలం లెక్కలోకే రాదు, గాలి ఫ్యాను తోసిన వైపే పోతుంది. మీ అభ్యంతరంలో నిజం మరోచోట ఉంది: వెనక ఫ్యాను ఒక్కటే సరిపోకపోతే కార్డు కింద వేడి నిలుస్తుంది. అలాంటప్పుడు పైన వెనక మూలది ఒక్కటి ఉంచి, 600 ఆర్‌పీఎమ్‌కి తగ్గించి, ముందువి 1000 మీద నడపాలి. ఆ ఉన్న చోట మాత్రం జాలీ వెయ్యాలి, పీసీ ఆపినప్పుడు బొచ్చు పైనుంచి పడుతుంది గనక.

ఏది సరో తేల్చేది అగరబత్తి. పీసీ నడుస్తుండగా వెలిగించి పక్క ప్యానెల్ సందు దగ్గర పట్టుకోండి. పొగ లోపలికి లాగితే అమరిక తప్పు, బయటికి నెడితే సరి. రెండు నిమిషాల పని. పిల్లుల్ని బయట ఉంచి, అయ్యాక కిటికీ తియ్యండి.

ఆమదాలవలస_ఫ్రేమ్స్

అగరబత్తి పరీక్ష బాగుంది. పైన వెనక మూలది ఉంచితే నాకు అభ్యంతరం లేదు. ఇంకొకటి చేర్చండి: క్యాబినెట్ నేల మీంచి అడుగు ఎత్తుకి లేపాలి. పిల్లి బొచ్చు నేల మీదే దొర్లుతాది, ముందు ఫ్యాను సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాది. రెండు సిమెంటు ఇటుకలూ ఒక చెక్కా చాలు. అలాగే గోడకి నాలుగంగుళాలు దూరం ఉండాలి.

మూడులాంతర్లు

జాలీకి ఏం వాడాలి? కిటికీ దోమల మెష్ పనికొస్తుందా?

బొబ్బిలి_స్క్రూడ్రైవర్

పనికొస్తాది, బొచ్చుకి మాత్రమే. కన్నం పెద్దది గనక సన్న దుమ్ము ఆగదు. అందుకే బయట దోమల మెష్, లోపల క్యాబినెట్‌తో వచ్చిన సన్న జాలీ. రెండే పొరలు. మూడోది వేస్తే గాలి సగం చచ్చిపోద్ది, మళ్లీ మొదటికే వస్తారు. మెష్ రెండు జతలు కత్తిరించి పెట్టుకోండి. పదిహేను రోజులకోసారి ఒకటి తీసి కడిగి, రెండోది పెట్టాలి. వానాకాలం నీడలో ఆరడానికి ఒక పూట చాలదు, తడిది బిగిస్తే ఆ తేమంతా లోపలికే పోద్ది.

పలాస_జీడితోట · పలాస

లిట్టర్ ట్రే, అంటే పిల్లి మలమూత్రాలకి పెట్టే ట్రే, ఎక్కడుందో ఎవరూ అడగలేదు. అదే గదిలో ఉంటే ఎంత జాలీ వేసినా లాభం లేదు. ట్రేలో పోసే బెంటొనైట్ మట్టిని పిల్లి తవ్వినప్పుడల్లా సన్నటి పొడి లేస్తుంది, జాలీ దాటేది అదే. తేమ తగిలితే అది ముద్దై రేకుల మీద అతుక్కుంటుంది. ట్రే వేరే గదిలో పెట్టండి. వీలు కాకపోతే పీసీకి ఎదురు మూలలో, ఫ్యాను గాలి వీచే దిక్కుకి కాకుండా. రెండు పిల్లులున్న ఇంట్లో మూడు ట్రేలు ఉండాలి. ఒకదాన్ని ఒకటి అడ్డగిస్తే రెండోది క్యాబినెట్ పక్కన పోస్తుంది.

ఖర్చు తగ్గాలంటే ఏటి ఇసుక జల్లెడ పట్టి, రెండు నీళ్లు కడిగి, ఎండబెట్టి వాడుకోవచ్చు. ముద్దకట్టదు గనక రెండు రోజులకోసారి మొత్తం మార్చాలి. ధాన్యం ఊక వద్దు, దుమ్ము ఎక్కువ. మా వైపు ఊరికే దొరుకుతుంది కదా అని జీడి పిక్కల పెంకు వాడే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి. ఆ పెంకులోని నూనె చర్మాన్ని పొక్కిస్తుంది, పిల్లి పాదాలు, నాలుక కాలిపోతాయి. బెంటొనైట్‌ని మాత్రం మరుగుదొడ్డిలో పొయ్యకండి, గొట్టంలో గట్టిపడిపోతుంది.

ఎచ్చెర్ల_హాస్టల్

మగపిల్లి క్యాబినెట్ మీదే పోస్తే? అది లోపలికి పోతే?

బొబ్బిలి_స్క్రూడ్రైవర్

ముందు గోడ దగ్గర మెయిన్ ఆపాలి. తడి క్యాబినెట్‌ని అంతకు ముందు ముట్టుకోకూడదు. ప్లగ్గు పీకాక బోర్డు, కార్డు విప్పి, తడిసిన చోటు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, వెంటనే ఐసోప్రొపైల్‌తో ఇంకోసారి కడిగి, ఫ్యాను కింద రెండు రోజులు ఆరనివ్వండి. ఆలస్యం చేస్తే మూత్రంలోని యూరియా విరిగి అమోనియా పుడుతుంది, అది రాగిని తినేస్తాది. ఎస్‌ఎంపీఎస్‌లోకి పోతే దాన్ని విప్పొద్దు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లో 300 వోల్టుల పైన నిలిచి ఉంటాది. అది మార్చెయ్యడమే.

గరివిడి_మియావ్

ఆ వాసన పోవడానికి బ్లీచింగ్ వాడకండి. మూత్రంలోని అమోనియాతో కలిసి క్లోరమీన్ వాయువు పుడుతుంది, అది మనకీ పిల్లికీ ఊపిరితిత్తులు మండిస్తుంది. ఎంజైమ్ క్లీనరు దొరికితే అది, లేకపోతే గోరువెచ్చని నీళ్లూ సబ్బూ. నిలబడి గోడకి, వస్తువులకి మూత్రం కొట్టే అలవాటు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాని మగపిల్లులకి ఎక్కువ. అయిదారు నెలలకి ఆపరేషన్ చేయిస్తే చాలావాటిలో ఆ అలవాటు మొదలవదు.

ఆపరేషన్ అయినా కాకపోయినా మగపిల్లి ట్రేలో పదే పదే కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాకపోతే అది అలవాటు కాదు, మూత్రనాళం మూసుకుపోయింది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. రేపు చూద్దాం అనుకోకూడదు. దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాల, గరివిడి పశువైద్య కళాశాల ఫోన్ నంబర్లు ముందే రాసి పెట్టుకోండి.

సోంపేట_తీరం

వైర్లు కొరకడం గురించి. మూడు నుంచి ఏడు నెలల మధ్య పళ్లు మారతాయి, అప్పుడు ప్రమాదం ఎక్కువ. ఎలక్ట్రికల్ షాపులో 20 లేదా 25 ఎంఎం ఫ్లెక్సిబుల్ పైపు మీటర్ల లెక్కన అమ్ముతారు. పొడుగునా కట్టరుతో చీల్చి వైరు లోపలికి తోసి, అడుగుకి ఒక టేపు చుట్టండి. పవర్ కేబుల్, మోనిటరు కేబుల్ గోడ పొడుగునా పీవీసీ కేసింగులో వేస్తే ఇంకా మేలు. హెడ్‌ఫోను, మౌసు, చార్జరు తీగలు వాడనప్పుడు సొరుగులో. కోసేసిన జిప్‌టై ముక్కలు, రబ్బరు బ్యాండ్లు నేల మీద వదలకండి. పిల్లి మింగితే పేగులో అడ్డం పడుతుంది.

వైరుకి కారం, నిమ్మనూనె, నీలగిరి తైలం రాయమని చెప్పేవాళ్లుంటారు. కారం కళ్లలో పడుతుంది, ఆ నూనెలు మేడం చెప్పిన కాలేయం సంగతే.

ఇంటి బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) ఉందో లేదో చూడండి. నెలకోసారి దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడాలి. మూడో పిన్ను విరిచేసిన ప్లగ్గు, రెండు పిన్నుల అడాప్టరు వాడకండి. ఎర్తు లేని పీసీ క్యాబినెట్ రేకు మీద ఎస్‌ఎంపీఎస్ ఫిల్టరు వల్ల సుమారు 115 వోల్టుల దాకా తేలుతుంది. కరెంటు చాలా తక్కువ గనక మనకి చిమచిమ, పిల్లి తడి ముక్కుకి మాత్రం గట్టిగా తగులుతుంది. ఎండాకాలం ఎర్తు గుంటలో బకెట్టు నీళ్లు పొయ్యడం మానకండి.

గరివిడి_మియావ్

షాక్ కొట్టిన పిల్లిని ముట్టుకునే ముందు మెయిన్ ఆపాలి. అది లేచి మామూలుగా తిరిగినా డాక్టరుకి చూపించాలి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వెంటనే తెలియకపోవచ్చు, ఒక రోజు దాటాక కూడా ఆయాసం మొదలవుతుంది. నోరు తెరిచి రొప్పితే అది అత్యవసరం. నొప్పి తగ్గాలని పారాసిటమాల్ అసలే వెయ్యకూడదు, ఒక్క 500 ఎంజీ మాత్ర చాలు పిల్లి ప్రాణం తియ్యడానికి.

ఆమదాలవలస_ఫ్రేమ్స్

పీఎస్5 గేమ్ కన్సోల్ ఉన్నవాళ్లకి చిన్న మాట. కంపెనీ చెప్పిన వాడుక ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు. మన మే నెలలో గది దాన్ని దాటిపోద్ది గాబట్టి మధ్యాహ్నం ఆడకపోవడం మంచిది. పక్క పలకలు తీస్తే దుమ్ము పట్టుకునే రంధ్రాలు కనబడతాయి, అక్కడ వ్యాక్యూమ్‌తో లాగెయ్యొచ్చు. అంతకు మించి లోపలికి పోవద్దు, ప్రాసెసరు మీద పేస్ట్ కాదు, ద్రవలోహం ఉంటాది. నిలువుగా పెడితే పిల్లి రాసుకుంటూ పోయి పడగొట్టేస్తాది, పడుకోబెట్టండి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌కి వేడి గాలి పైనుంచే వస్తాది, పిల్లి కూర్చునేది కూడా అక్కడే. పైన కనీసం అడుగు ఎత్తులో చెక్క ఉండాలి.

కోట_జంక్షన్

పవర్ బటన్ క్యాబినెట్ పైన ఉన్నవాళ్లు విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ఆ బటన్ నొక్కితే ఏమీ చేయవద్దు అని పెట్టుకోండి. పిల్లి కాలు వేసినా ఆట మధ్యలో ఆగదు. నాలుగు సెకన్ల పైన నొక్కి ఉంటే మాత్రం ఎలాగైనా ఆగిపోతుంది.

యూపీఎస్ సంగతి: ఈ పీసీ ఆట మధ్యలో మోనిటరుతో కలిపి 300 వాట్ల చుట్టూ లాగుతుంది. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే, అంచు మీద ఉంటుంది. 1000 లేదా 1100 వీఏ తీసుకోండి. ఇన్వర్టరు మీద నడిపేవాళ్లు దాని స్విచ్చి యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు మారడానికి పట్టే టైములో పీసీ రీస్టార్ట్ అవుతుంది. యూపీఎస్ కూడా వెచ్చగా ఉంటుంది, దాని మీదా పిల్లి చేరుతుంది, పైభాగం ఏటవాలుగా మూయండి.

పలాస_జీడితోట

తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు యూపీఎస్‌ని నమ్ముకుని వదిలెయ్యకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది, చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. తిరిగి వచ్చేటప్పుడు వోల్టేజి ఎగుడుదిగుడుగా వస్తుంది. ప్లగ్గు, రూటరు నుంచి వచ్చే ల్యాన్ తీగ రెండూ పీకి పెట్టాలి. ఉప్పుగాలి గట్టిగా వీచిన తర్వాత పక్క ప్యానెల్ విప్పి పొడి బ్రష్షుతో ఒకసారి దులిపి, అప్పుడు పీసీ ఆన్ చెయ్యండి. పిల్లుల్ని కిటికీ లేని గదిలో, ట్రేతో, రెండు రోజుల నీళ్లూ తిండితో ముందే పెట్టుకోవాలి. గాలి మొదలయ్యాక అవి మంచం కింద దూరితే చేతికి రావు.

నాగావళి_గట్టు

అన్నీ రాసుకున్నాను. ఒక్క సందేహం మిగిలింది. ముందుకి తెచ్చే ఫ్యాన్లకి దోమల మెష్ ఏ కొలతకి కత్తిరించాలి, ఎలా బిగించాలి?

బొబ్బిలి_స్క్రూడ్రైవర్

120 ఎంఎం ఫ్యానుకి స్క్రూ కన్నాల మధ్య దూరం 105 ఎంఎం. మెష్ 125 బై 125 కత్తిరించండి, కన్నాలు పడే నాలుగు చోట్లా వేడి సూదితో గుచ్చితే అంచు కరిగి పోగులు లేవవు. ఫ్యానుకీ క్యాబినెట్‌కీ మధ్య పెట్టి స్క్రూ బిగించొద్దు, ప్రతిసారీ ఫ్యాను విప్పాల్సొస్తాది. బయటి వైపు మ్యాగ్నెట్ పట్టీ అంటించి దాని మీద ఆనించండి. షాపులో ఫ్రిజ్ తలుపు గ్యాస్కెట్ అంటే ఇస్తారు, లోపల అయస్కాంతం పట్టీ ఉంటాది, చీల్చి తీసుకోవచ్చు. ముందు ప్యానెల్ లోపలి రేకు ఇనుముదే కావాలి, అల్యూమినియం అయితే అంటుకోదు, ఫ్రిజ్ బొమ్మ ఒకటి ఆనించి చూసి కొనండి.